మోతి నిలబడ్డన్నాళ్లు

వరంగల్ మట్టెవాడలో రామలింగం సేటుకు గోనెసంచుల గోదాం ఉండేది. మార్కెట్లో వడ్లు, మిర్చి, పల్లికాయ దించాక ఖాళీ అయిన పాత సంచులన్నీ అక్కడికి చేరేవి. ఎలుకలు కొరికినవి, హమాలీల కొక్కేలకు చిరిగినవి వేరు చేసి, దులిపి, దబ్బనంతో అతుకులు వేయడం కట్టమ్మ పని. పొద్దున వచ్చి గోదాం అరుగు మీద కాళ్లు మడుచుకొని కూర్చుంటే, పొద్దుగూకే వేళకు గోడ పట్టుకొని లేచేది. సంచుల దుమ్ము పడీ పడీ ఆమె జుట్టు వయసుకు మించి తెల్లగా కనిపించేది.

ఆమెది పర్వతగిరి దిక్కు ఒక పల్లె. పెళ్లయ్యాక భర్త పోశయ్యతో వరంగల్ వచ్చింది. పోశయ్య మార్కెట్లో హమాలీ. ఒక ఎండాకాలం, ఎత్తుగా పేర్చిన బస్తాల వరుస కూలి ఆయన మీద పడింది. ప్రాణం దక్కింది గానీ నడుము విరిగి, కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ తర్వాత కొన్నేళ్లు ఆయన నులకమంచం దిగలేదు. కట్టమ్మ పగలు సంచులు కుట్టేది, మధ్యలో ఇంటికి పరుగెత్తుకెళ్లి ఆయనను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పి వచ్చేది. పుండ్లు పడకుండా చూసేది, పడ్డవాటిని కడిగేది. 1976 వానాకాలంలో పోశయ్య పోయాడు. అప్పటికే ఒక్కగానొక్క కూతురు లక్ష్మికి పెళ్లయింది. అల్లుడు గోపాల్‌కు కాజీపేట రైల్వేలో కలాసీ పని. మట్టెవాడ గల్లీలోని ఒంటిగదిలో కట్టమ్మ ఒక్కతే మిగిలింది.

గోదాం కాపలాకు సేటు దగ్గర ఒక కుక్క ఉండేది, పేరు మోతి. కాజీపేటలో ఒక రైల్వే గార్డు బదిలీ మీద వెళ్లిపోతూ వదిలేసిన కుక్కపిల్లను సేటు తెచ్చుకున్నాడు. సగం జాతికుక్క, సగం ఊరకుక్క. చెవులు నిక్కపొడుచుకొని ఉండేవి, తోక మాత్రం ఊరకుక్కలాగా చుట్టుకునేది. పడుచుతనంలో గోదాం గోడ దూకిన దొంగ పిక్క పట్టి, జనం వచ్చేదాకా వదలలేదని సేటు గొప్పగా చెప్పుకునేవాడు. ఒకసారి సంచులు దించడానికి వచ్చిన లారీ వెనక్కి వస్తూ దాని తుంటిని నలిపేసింది. చాలా రోజులు మెట్ల కింద పడుకొని, తనంతట తానే లేచింది. అప్పటినుంచి ఎడమ వెనుక కాలు కొద్దిగా ఈడ్చేది. పోశయ్య పోయిన తర్వాత కట్టమ్మ మధ్యాహ్నం సద్దిలో నుంచి రెండు ముద్దలు దాని ముందు పెట్టడం మొదలుపెట్టింది. అది తిని, ఆమె కుట్టే సంచి అంచు మీద గడ్డం ఆనించి పడుకునేది.

1980 చలికాలంలో ఒక పొద్దున ఆమె వచ్చేసరికి మోతి లేచి ఎదురు రాలేదు. పిలిస్తే తోక కొట్టింది. లేవబోయింది. ముందుకాళ్ల మీద బరువంతా వేసి పైకి వచ్చింది గానీ వెనుక కాళ్లు బండ మీద జారిపోయాయి. మళ్లీ లేవబోయింది. మళ్లీ కూలబడింది.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సేటు చూశాడు.

"ముసలిదైంది. సోమరి వేషాలేస్తాంది," అన్నాడు.

"సోమరి కాదు సేటూ. లేవాలనే సూస్తాంది. నడుమే సాయం వస్తలేదు."

ఎండ పొడ తగిలాక మోతి ఎలాగో లేచింది. నడిచింది గానీ మునుపటి నడక కాదు. వెనుక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతింది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా అదే తంతు. దానికి తోడు ఇంకో ఇబ్బంది వచ్చింది. తొట్టెలో నీళ్లు ఎంత పోసినా తాగేస్తోంది, తాగినదంతా ఉన్నచోటే వదిలేస్తోంది. బయటికి వెళ్లేంత ఓపిక లేక ఒకనాడు కుట్టి సిద్ధం చేసిన సంచుల కట్టల పక్కనే పోసింది. ఆ కట్టలు మిర్చి వ్యాపారి కోసం తీసిపెట్టినవి. సేటు ఆ కట్టలు విప్పించి ఎండలో వేయించాడు. సాయంత్రం కట్టమ్మ దబ్బనం, పురికొస సర్దుకునే వేళకు వచ్చి నిలబడ్డాడు.

"కట్టమ్మా, కుక్కల్ని పట్టేటోల్లకు చెప్పిన. ఎల్లుండి వస్తమన్నరు. నువ్వు మనసు మీదికి తెచ్చుకోకు."

ఆ కుక్కలవాళ్లు ఏం చేస్తారో ఆ గల్లీలో అందరికీ తెలుసు. మాంసం ముక్కలో మందు పెట్టి విసురుతారు. కాళ్లున్న కుక్క ఒక్కోసారి పరుగెత్తి తప్పించుకుంటుంది.

"నాకియ్యుండ్రి సేటూ," అంది కట్టమ్మ.

"నీకా? నువ్వేం జేస్తవు దాన్ని?"

"ఏం జేస్తనో తెల్వది. ఆల్లకు మాత్రం ఇయ్యకుండ్రి."

సేటు చెడ్డవాడు కాదు. "తీస్కపో," అని లోపలికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ తోపుడుబండి వాడుకొమ్మని చెప్పాడు. కట్టమ్మ బండి మీద పాత సంచులు పరిచి, మోతిని రెండు చేతుల్లో ఎత్తి పడుకోబెట్టి, మట్టెవాడ బజారు గుండా నెట్టుకుంటూ ఇంటికి తీసుకెళ్లింది. కుక్కను బండెక్కించుకొని పోతున్న ఆడమనిషిని చూసి కొట్ల ముందు కూర్చున్నవాళ్లు నవ్వారు.

పక్కింటి మల్లక్క వాకిట్లో బీడీలు చుట్టుకుంటోంది. చేట పక్కన పెట్టి లేచింది.

"ఇదేందే వదినె? నీ కడుపుకే సరిగ లేకపాయె, దీన్నెందుకు తెచ్చినవ్?"

"కొన్ని దినాలు ఉంటది, పోతది. ఏమైతది?"

కట్టమ్మకు మోకాళ్ల నొప్పులు పాతవే. రోజంతా అరుగు మీద మడిచి కూర్చునే కాళ్లు అవి. మందుల షాపులో ఇచ్చే తెల్ల గోళీ వేసుకుంటే నాలుగు అడుగులు తేలిగ్గా పడేవి. రాత్రిళ్లు మోతి నొప్పితో అరుస్తుంటే తట్టుకోలేక ఆ గోళీనే బెల్లంలో పెట్టి దానికి మింగించింది. మర్నాడూ ఇచ్చింది. పూటకొకటి చేసింది. కొద్ది రోజుల్లోనే అద్భుతం జరిగినట్టు అనిపించింది. ఒక పొద్దున కళ్లు తెరిచేసరికి మోతి గడప దగ్గర నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. తలుపు తీస్తే నడుచుకుంటూ గోదాం దాకా వెళ్లింది. సేటు గల్లాపెట్టె వదిలి బయటికొచ్చాడు.

"అరె! బాగైంది గదనే! ఏం మందేసినవ్?"

"నేనేసుకునే గోళే సేటూ," అంది కట్టమ్మ. భర్త పోయాక ఆమె అంత సంబరంగా మాట్లాడటం అక్కడెవరూ వినలేదు.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. మోతి ముందు అన్నం మానేసింది. తర్వాత పసరు కక్కింది. తర్వాత తారులాగా నల్లటి విరేచనాలు అయ్యాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. కట్టమ్మ పనికి సెలవు పెట్టి రిక్షా మాట్లాడి హనుమకొండలో పశువుల దవాఖానకు తీసుకెళ్లింది. కుక్కనెక్కించుకోనన్న రిక్షావాడిని బతిమాలి, కింద తన కొంగు పరిచి ఒప్పించింది.

దవాఖాన ముందు ఎడ్లు, బర్రెలు, ఒక గొర్ల మంద. డాక్టరు సారంగపాణి నలభై ఏళ్ల మనిషి. మోచేతుల దాకా చొక్కా మడిచి, అప్పుడే ఒక బర్రెకు కాన్పు చేసి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. మోతిని బల్ల మీద పడుకోబెట్టి కడుపు తడిమాడు. నోరు తెరిచి వాసన చూశాడు.

"ఏమిచ్చినవమ్మా దీనికి?"

కట్టమ్మ కొంగు ముడి విప్పి గోళీ చూపించింది.

"ఎన్ని?"

"పూటకొకటి సారూ. లేచి నడిచింది. మంచిగైతాందనుకున్న."

డాక్టరు కోప్పడలేదు. "నడుస్తది. నొప్పి తెల్వకపోతే నడుస్తది. గని మనుషుల గోళీ కుక్క కడుపుకు పడదు. లోపల పుండైంది, నెత్తురు పోతాంది. ఆ నల్లటిదంతా నెత్తురే," అన్నాడు. తర్వాత నీళ్లు ఎన్ని తాగుతుందో, ఎన్నిసార్లు ఒంటికి పోస్తుందో అడిగాడు. ఆమె చెబుతుంటే తల ఊపుతూ విన్నాడు. మూత్రం పట్టి సీసాలో పోసి పరీక్షకు పంపాడు. ఫలితం మర్నాడు తెలిసింది.

"అమ్మా, దీనికి రెండు రోగాలున్నయి. తుంటి కాడ, మోకాళ్ల కాడ కీళ్లు అరిగిపోయినయి. లారీ దెబ్బ తగిలిన కాడ మరీ ఎక్కువ. అది ఒకటి. మూత్రపిండాలు చెడిపోతానయి, అది రెండోది. గోళీలకు ముందునుంచే ఉన్నది, గోళీలతోని ఇంకింత ముదిరింది."

"మందు రాయుండ్రి సారూ."

"అదే చిక్కు. కీళ్ల నొప్పికి నేనే మందిచ్చినా అది మూత్రపిండాల మీద పడతది. వాటిని కాపాడాల్నంటే నొప్పికి మందు ఆపాలె."

కట్టమ్మకు అర్థమయింది. అర్థమయినా ఇంకో దారి చెబుతాడేమోనని నిలబడే ఉంది.

"కడుపులో పుండు మానేటందుకు మందిస్త," అన్నాడు డాక్టరు. "కీళ్లకు నీ చేతులే మందు. చల్లటి బండ మీద పండనియ్యకు. కాపడం పెట్టు. జర జర నడిపియ్యి, ఎక్కువ నడిపియ్యకు, మొత్తానికే ఆపకు. బొక్కలు, మాంసం బంజెయ్. నీళ్లు మాత్రం ఎన్నడూ తక్కువ చెయ్యకు, ఎంత తాగితే అంత తాగనియ్యి."

ఇంటికొచ్చి కట్టమ్మ ముందు చేసిన పని, చినిగి పనికిరాని సంచులు సేటును అడిగి తెచ్చుకోవడం. వాటిని ఒకదాని మీద ఒకటి వేసి మందంగా పరుపు కుట్టింది. తడిస్తే తీసి ఉతికి ఆరేయడానికి పై పొరను విడిగా కుట్టింది. నున్నటి షాబాదు బండల మీద మోతి కాళ్లు జారకుండా పరుపు దగ్గరినుంచి గడప దాకా, గడప నుంచి గల్లీ మట్టి దాకా గోనెపట్టాలు పరిచింది. కడుపు కింద నుంచి పట్టి వెనుక భాగాన్ని లేపడానికి ఒక వెడల్పాటి పట్టీ తయారు చేసింది. గోనె ఒరుసుకుంటుందని లోపల తన పాత చీర ముక్క వేసి కుట్టింది. ఆ పట్టీ రెండు కొసలూ చేత్తో పట్టుకొని ఆమె ఎత్తితే, మోతి ముందుకాళ్లతో నడిచేది, వెనుక కాళ్లు ఊరికే నేలను తాకుతూ వచ్చేవి. అలా ఇద్దరూ గల్లీ చివర నల్లా దాకా వెళ్లి వచ్చేవారు.

పెనంలో ఇసుక వేడి చేసి గుడ్డలో మూట కట్టి, ముందు తన మణికట్టుకు ఆనించి చూసుకొని, అప్పుడు దాని తుంటికి పెట్టేది. కాపడం అయ్యాక తొడల కండరాలను మెల్లగా రుద్దేది. ఆ కండ రోజురోజుకూ కరిగిపోయి చర్మం కింద ఎముక గుచ్చుకునేది. కాలును మెల్లగా ముడిచి చాపుతుంటే లోపల కటకటమని శబ్దం ఆమె వేళ్లకు తెలిసేది. నొప్పి ఎక్కువైనప్పుడు మోతి మూతి తిప్పి ఆమె చేతిని పళ్ల మధ్య పట్టుకునేది. కరిచేది కాదు. పట్టుకొని, వదిలేసేది.

అన్నం మెత్తగా వండి గుడ్డు కలిపి పెట్టేది. సగం రోజులు మూతి కూడా పెట్టేది కాదు. వేలి మీద కొంచెం తీసి నాలుకకు రాస్తే మొహం తిప్పుకునేది. అటువంటి రోజుల్లో కట్టమ్మ కూడా సరిగ్గా తినేది కాదు.

గల్లీలో మాటలు పుట్టాయి. మొగుడికి చేసినట్టు కుక్కకు చేస్తోందని ఒకరు, పిచ్చి పట్టిందని ఒకరు. మల్లక్క దాచుకోకుండా మొహం మీదనే అడిగింది.

"పోశయ్య బావనే యాదికొస్తాండా వదినె నీకు, దీన్ని సూస్తే?"

"ఆయన వేరు, ఇది వేరు. మనిషిని, కుక్కను కలపకు," అంది కట్టమ్మ కటువుగా. కొంచెం ఆగి, "ఆయనకు చేసినప్పుడు చేతులకు పని తెలిసింది. గంతే," అంది.

అలా ఒక ఏడాది గడిచింది. ఎండాకాలం మోతికి మంచిది. ఎండ కాగిన మట్టిలో పడుకొని, పట్టీ సాయం లేకుండానే నాలుగు అడుగులు వేసేది. ఒకసారి మల్లక్క కోడి వెంట పడబోయి పడిపోయింది కూడా. ఆ రోజు గల్లీ అంతా నవ్వింది, కట్టమ్మా నవ్వింది. వానాకాలం వస్తే గోడలు చెమ్మగిల్లేవి, సంచులు ఎంతకీ ఆరేవి కావు. చలికాలం మరీ కష్టం. పొద్దున లేవడానికి మోతి పడే పాటు చూడలేక కట్టమ్మ గోడవైపు తిరిగి ఇసుక వేడి చేసుకునేది.

1981 చివర్లో లక్ష్మికి నెలలు నిండాయి. కడుపు నిలవక రెండుసార్లు పోయాక వచ్చిన కాన్పు అది. గోపాల్ వచ్చి చెప్పాడు.

"అత్తా, లక్ష్మి నిన్నే కలవరిస్తాంది. కాన్పుకు నువ్వు దగ్గరుండాలె."

కట్టమ్మకు రెండో ఆలోచన రాలేదు. మోతిని మల్లక్కకు అప్పజెప్పింది. ఎట్లా తిప్పాలో, ఎట్లా లేపాలో, ఏం పెట్టొద్దో ఒకటికి రెండుసార్లు చెప్పింది. మల్లక్క సరే సరే అంది గానీ కుక్కను ముట్టుకోవడమంటే ఆమెకు మొదటినుంచీ భయమే. అది కట్టమ్మకు తెలుసు. తెలిసే వెళ్లింది.

కాజీపేటలో లక్ష్మి నొప్పులు రోజంతా పడి మగపిల్లవాణ్ని కన్నది. కట్టమ్మ పిల్లవాణ్ని కడిగి, బొడ్డుకు మందు పెట్టి, బాలింతకు పథ్యం వండి, అన్నీ చేసింది. చేతులు పనిలో ఉన్నా చెవులు ఎక్కడో ఉన్నట్టు ఉండేది. పురుడు కాగానే మూట సర్దుకుంది. లక్ష్మి మంచం మీదినుంచి చూసింది.

"ఇరవై ఒకటో దినం దాకా ఉంటవనుకున్న అవ్వా."

"మల్ల వస్త బిడ్డా. రెండు దినాలల్ల వస్త."

"కుక్క కోసమేనా?"

కట్టమ్మ మూట ముడి బిగించింది. లక్ష్మి పిల్లవాణ్ని దగ్గరికి తీసుకొని అటు తిరిగి పడుకుంది. "పో మరి. దానికి నువ్వు లేకుంటే నడవదు గద. మాకు నడుస్తది," అంది.

ఇంటికొచ్చేసరికి గది తలుపు దగ్గరే వాసన తగిలింది. మోతి పరుపు మీద ఒకే పక్కకు పడి ఉంది. మల్లక్క తిండి పెట్టింది, నీళ్లు పెట్టింది, కానీ తిప్పడానికి ధైర్యం చాల్లేదు. తడిసిన సంచి మార్చలేదు. కింది వైపు తుంటి దగ్గర చర్మం ఊడి పుండు పడి, పుండులో పురుగులు మెదులుతున్నాయి. అన్నం తినడం లేదని జాలిపడి మల్లక్క ఒకరోజు మాంసం కూర, ఎముకలతో సహా పెట్టిందట. ఆత్రంగా తిన్నదట. ఆ తర్వాత రెండు రోజులు కక్కిందట.

మల్లక్క గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "పాణం ఆగలే వదినె. అట్ల సూస్తాంటే పెట్టిన."

కట్టమ్మ పొయ్యి అంటించింది. నీళ్లు కాచి పుండు కడిగింది. పురుగుల్ని ఒక్కొక్కటే తీసింది. సంచులన్నీ బయట పడేసి కొత్తవి పరిచింది. మర్నాడు డాక్టరును ఇంటికే రమ్మని కబురు పెట్టింది.

సారంగపాణి తన మోపెడ్ మీద వచ్చి, గది వాకిట్లో మోకాళ్ల మీద కూర్చొని చాలాసేపు చూశాడు. పుండుకు మందు రాశాడు. చిగుళ్లు చూశాడు, కాలు ముడిచి చూశాడు. మోతి అరిచింది. ఆ అరుపు కొత్తది. పొడుగ్గా, సన్నగా, ఆగకుండా.

"ఇన్ని దినాలు మంచిగ సూస్కున్నవమ్మా. ఇంత చేసేటోల్లను నేను ఎక్కువ సూడలే," అన్నాడు. "ఇగ చెప్పాల్సింది చెప్త. నొప్పికి మందిస్తే దినాలు తగ్గుతయి. ఇయ్యకుంటే జర ఎక్కువ దినాలు ఉంటది, గని గిట్లనే ఉంటది. ఏది కావాల్నో నువ్వే చెప్పాలె."

కట్టమ్మ మోతి తల నిమురుతూ కూర్చుంది. తర్వాత, మల్లక్కకు గానీ కూతురికి గానీ ఎన్నడూ చెప్పని సంగతి ఆ డాక్టరుకు చెప్పింది. పోశయ్య చివరి ఏడాదిలో తాగి చచ్చిపోతానని ఎండ్రిన్ పురుగుమందు తెచ్చిపెట్టమని అడిగేవాడు. ముందు అడిగాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత తిట్టాడు. ఆమె తేలేదు. తేననీ చెప్పలేదు. రేపు తెస్తానని చెప్పి రోజులు గడిపింది. ఆయన ఆమె మీద కోపంతోనే పోయాడు.

"తెస్తే తప్పయితుండె. తేకపోయినా తప్పే అయింది," అంది. "ఇది అడగదు సారూ. అడగకున్నా తెలుస్తాంది. నొప్పికే ఇయ్యుండ్రి."

డాక్టరు మందు ఇచ్చాడు. ఆమె మునుపు ఇచ్చిన గోళీ కాదు, ఇంకోటి, కడుపును కాచే మందుతో కలిపి, చిన్న మోతాదులో. అరుపు ఆగింది. మోతి నిద్రపోయింది, నిద్రలో కాళ్లు ఆడించింది. ఆ కొద్ది వారాలూ కట్టమ్మ పట్టీ పట్టుకొని దాన్ని వాకిట్లోకి తెచ్చి ఎండలో నిలబెట్టేది. వెనుక కాళ్లు వణుకుతూ కొంచెంసేపు నిలిచేవి. తలెత్తి గాలి వాసన చూసేది. గోదాంకు వచ్చే లారీ శబ్దానికి చెవులు లేపేది. ఒకరోజు సేటు భార్య వరలక్ష్మి అటుగా వెళ్తూ ఆగి, పాలు పోసిచ్చి, ముట్టుకోకుండా చూసి వెళ్లింది.

తర్వాత డాక్టరు చెప్పినట్టే అయింది. నీళ్లు తాగడం మానేసింది. ఎప్పుడూ కుండలు కుండలు తాగే కుక్క గిన్నె వైపు చూడటమే మానేసింది. నోట్లో పుండ్లు వచ్చాయి, ఊపిరి కుళ్లు వాసన కొట్టింది. ఒళ్లంతా ఉండుండి ఎగిరెగిరి పడింది. కట్టమ్మ మళ్లీ కబురు పెట్టింది. పట్టీ తీసి పక్కన పెట్టి, మోతి తలను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

సారంగపాణి మధ్యాహ్నం వచ్చాడు. బ్యాగులోంచి ఆఖరి సూది మందు తీశాడు. "ఉంటవా, బయటికి పోతవా?" అన్నాడు.

"ఉంట."

సూది ముందుకాలికి వేశాడు. మోతి ఒకసారి పెద్దగా ఊపిరి తీసింది. అంతే. మునుపు గోడ అవతలికి వినిపించేంత గట్టిగా ఉండే ఆ ఊపిరి ఆగిపోతే, గది ఎంత నిశ్శబ్దంగా ఉందో కట్టమ్మకు తెలిసింది. డాక్టరు స్టెత్ పెట్టి చూసి తల ఊపాడు. పైసలు తీసుకోలేదు. చాయ్ తాగమంటే తాగి వెళ్లాడు.

సేటు తోపుడుబండి, పార పంపించాడు. తానే వచ్చాడు కూడా, కానీ గల్లీ మొదట్లో ఆగి రుమాలుతో మొహం తుడుచుకొని తిరిగి వెళ్లిపోయాడు. ఖిలా వరంగల్ వైపు మట్టికోట దాటాక గట్టి నేల లేని చోట మల్లక్క, కట్టమ్మ కలిసి గుంట తీశారు. మల్లక్క ఈసారి భయపడలేదు. మోతిని కాళ్ల వైపు తానే పట్టుకొని గుంటలోకి దింపింది.

మర్నాడు కట్టమ్మ పనికి వెళ్లింది. గోదాం మెట్ల దగ్గర ఒక కొత్త కుక్కపిల్లను కట్టేసి ఉంది. సేటు దాన్ని నెల కిందటే మాట్లాడి పెట్టుకున్నాడట. చెప్పడానికి సంకోచించి ఊరుకున్నాడు. పిల్ల గొలుసు లాగుతూ కుయ్యోమంటోంది. కట్టమ్మ సంచుల కట్ట ఎత్తుకొని అరుగుకు అటు చివరన, పిల్ల కనిపించని చోట కూర్చుంది. కుట్టినవాటిలో సగం కుట్లు వదులైతే విప్పి మళ్లీ కుట్టింది.

లక్ష్మి రాక ఆలస్యమైంది. సంక్రాంతికీ రాలేదు, శివరాత్రికీ రాలేదు. గోపాల్ మాత్రం ఒకసారి వచ్చి పిల్లవాడికి జ్వరం వచ్చి తగ్గిందని చెప్పి వెళ్లాడు. కట్టమ్మ వెళ్దామనుకుంటూనే ఆగిపోయేది. రెండు రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లనిది, ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని వెళ్లాలో ఆమెకు తెలియలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం లక్ష్మి పిల్లవాణ్ని చంకనేసుకొని గల్లీలోకి వచ్చింది. కట్టమ్మ వాకిట్లో గోనెలు ఉతుకుతోంది. లేవబోయి లేవలేకపోయింది. ఆ చలికాలమంతా కుక్కను ఎత్తీ దించీ ఆమె మోకాళ్లు పూర్తిగా పాడయ్యాయి. లక్ష్మి అది చూసింది. పిల్లవాణ్ని మల్లక్క చేతిలో పెట్టి, తల్లి చంకల కింద చేతులు వేసి లేపింది.

ఇద్దరూ గదిలోకి వెళ్లారు. మూలన మోతి సంచుల పరుపు ఇంకా అలానే ఉంది, దాని మీద ఎవరూ పడుకోవడం లేదు. లక్ష్మి కాసేపు దాని వైపు చూసి అడిగింది.

"మస్తు తిప్పలవడ్డదా?"

"వడ్డది."

"ఏడ్సినవా?"

"లేదు."

"నాకు కోపమొచ్చింది అవ్వా, అప్పుడు."

"రాకపోతే ఎట్ల బిడ్డా. వస్తది."

లక్ష్మి కొంగు బిగించి, ఆ సంచులన్నీ ఎత్తి బయట ఎండలో వేసి, బండలు రుద్ది కడిగింది. నీళ్లు గడప దాటి గల్లీలోకి పారాయి. కట్టమ్మ గోడకు ఆనుకొని, కాళ్లు చాపుకొని, మనవణ్ని పురుడు తర్వాత మొదటిసారి ఒళ్లో పడుకోబెట్టుకుంది. పిల్లవాడు ఆమె వేలు పట్టుకున్నాడు. ఆమె లక్ష్మి వైపు చూసి, "పొయ్యి అంటియ్యి బిడ్డా, పొద్దట్నుంచి ఏం తినలే," అంది.

ఆ తర్వాత ఆమె రెండేళ్లు మాత్రమే పని చేయగలిగింది. 1984లో కాజీపేటలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మట్టెవాడ గదిలోకి ఇంకో కుటుంబం వచ్చింది.